నెల్లూరుకు పెట్టిన పేరు: ఒంటరి నక్షత్రం

కోరమాండల్ తీరంలో అమెరికా – 4వ భాగం

గత భాగంలో ఎలీహు యేల్ కథ చెప్పుకున్నాం. 1649లో బోస్టన్‌లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో గుమాస్తాగా చెన్నపట్నం వచ్చి, 1687లో సెయింట్ జార్జి కోటకు అధిపతి అయ్యాడు. సొంత వ్యాపారం మరీ ముదిరిందన్న ఆరోపణల మీద 1692లో పదవి ఊడింది. ఆ సంపాదనలోంచి 1718లో కనెక్టికట్‌లోని ఓ చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, ఒక రాజుగారి పటం పంపించాడు. సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి, కాలేజీకి ఆయన పేరు వచ్చింది. ఆయన హయాంలోనే కోట నుంచి ఓడలకెక్కిన బానిసల సంగతి మాత్రం మూడు వందల ఏళ్లు ఎవరికీ పట్టలేదు. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు ఆ విశ్వవిద్యాలయం లాంఛనంగా క్షమాపణ చెప్పింది 2024లో.

యేల్ కాలంలో ఇక్కణ్నుంచి అమెరికాకు పోయింది సరుకు. ఈ భాగంలో అక్కణ్నుంచి ఇక్కడికి మనుషులు వస్తారు. వాళ్లు దిగేది మన విడవలూరు వాళ్లు కోవూరు మీదుగా పెన్న దాటి వెళ్లే నెల్లూరులోనే. అయితే వాళ్లెవరో, ఏం తగాదాలు మూటగట్టుకుని వచ్చారో తెలియాలంటే ముందు వాషింగ్టన్ వెళ్లాలి.

చీజ్ ముద్ద, ఒక ఉత్తరం

1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇంటికి ఒక చీజ్ ముద్ద వచ్చింది. తూకం 1,235 పౌన్లు, అంటే సుమారు 560 కిలోలు. మసాచుసెట్స్‌లోని చెషైర్ అనే పల్లెలో రైతులంతా తమ ఆవుల పాలు పోసి, ఆపిల్ రసం తీసే గానుగలో తొక్కి చేసిన కానుక అది. దాన్ని వెంటబెట్టుకుని వందల మైళ్లు వచ్చినవాడు జాన్ లేలండ్ అనే బాప్టిస్టు బోధకుడు. కానుకతో పాటు చదివిన విన్నపంలో చెషైర్ వాళ్లు గర్వంగా చెప్పుకున్న మాట ఒకటుంది: దీని తయారీలో ఒక్క బానిస చెయ్యి కూడా పడలేదని. వినేదెవరంటే, జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని అయిన మనిషి. జెఫర్సన్ మర్యాదగా విని, మర్యాదగా డబ్బిచ్చి పంపాడు.

అదే రోజు ఆయన ఒక ఉత్తరం మీద సంతకం చేశాడు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జవాబు అది. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ మతశాఖ వేరే ఉంది. బాప్టిస్టులు దానికి పన్ను కట్టాలి, లేదా మేం వేరే శాఖ వాళ్లమని కాగితం తెచ్చి చూపించుకోవాలి. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని జెఫర్సన్ ఆ జవాబులో రాశాడు. అమెరికా కోర్టుల్లో నేటికీ ఆ గోడ ఎంత ఎత్తుండాలన్న దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

బాప్టిస్టులంటే అప్పట్లో పెద్దమనుషుల లెక్కలో లేనివాళ్లు. వర్జీనియాలో విప్లవానికి ముందు, లైసెన్సు లేకుండా బోధించారని వాళ్ల బోధకులను పదుల సంఖ్యలో జైల్లో పెట్టారు. వాళ్ల సభల్లో నల్లవాళ్లూ పేద తెల్లవాళ్లూ కలిసి కూర్చునేవారు. 1789లో ఇదే లేలండ్ వర్జీనియా బాప్టిస్టుల చేత బానిసత్వం ప్రకృతిసిద్ధమైన హక్కులను లాక్కోవడమేనని తీర్మానం చేయించాడు. నాలుగేళ్లు తిరగకుండానే, 1793లో, అదే వర్జీనియా పెద్దలు ఇది శాసనసభ చూసుకోవాల్సిన విషయం, మనకెందుకని పక్కన పెట్టేశారు. ఆ ఏడే ఎలి విట్నీ పత్తి జిన్ను కనిపెట్టాడు. పత్తి పండితే బానిస కావాలి, బానిస ఉంటే భూమి విలువ పెరుగుతుంది, భూమి ఉన్నవాడే చర్చిలో పెద్ద. తీర్మానాలు మారడానికి ఇంతకంటే కారణాలు వెతకనక్కర్లేదు.

జెఫర్సన్ ఆ ఉత్తరం రాయడానికి అయిదు నెలల ముందే, 1801 జూలై 31న, ఆర్కాటు నవాబు చేత కంపెనీ ఒక ఒప్పందం రాయించుకుంది. దాంతో నెల్లూరు సీమ కంపెనీ వశమైంది. మన తాతముత్తాతలకు దొరలు మారారు. పన్ను కట్టేవాళ్లు మాత్రం మారలేదు.

సనదు తలుపు తెరిచింది

మతబోధకులంటే కంపెనీకి మొదట్లో గిట్టేది కాదు. వ్యాపారం చెడుతుందని భయం. 1812లో అమెరికాలోని సేలం రేవు నుంచి ఓడెక్కి కలకత్తా చేరిన అడోనిరామ్ జడ్సన్‌ను కంపెనీ నిలవనివ్వలేదు. ఆయన చివరికి బర్మా చేరాడు. ఓడలో ఉండగానే బైబిలు తిరగేస్తూ అభిప్రాయం మార్చుకుని, కలకత్తాలో బాప్టిస్టుగా మారాడు. దాంతో అమెరికాలోని బాప్టిస్టులకు కోరకుండానే విదేశాల్లో ఒక బోధకుడు దొరికాడు. అతన్ని పోషించాలి కాబట్టి 1814లో ఫిలడెల్ఫియాలో ఉత్తరాది, దక్షిణాది చర్చిలన్నీ కలిసి ఒక మహాసభ పెట్టుకున్నాయి. మూడేళ్లకోసారి కూడే సభ అది. తొలి అధ్యక్షుడు దక్షిణ కరొలినాకు చెందిన రిచర్డ్ ఫర్మన్. ఈయన మళ్లీ వస్తాడు, గుర్తుంచుకోండి.

పార్లమెంటు ఇచ్చిన 1813 సనదులో కంపెనీ కాస్త మెత్తబడింది, 1833 సనదుతో అడ్డంకులు దాదాపు పోయాయి. అంటే అమెరికా బోధకులు 1830ల్లో ఇటు రావడం దైవికమని వాళ్ల పుస్తకాలు రాసుకున్నా, సగం పని లండన్ పార్లమెంటు చేసిపెట్టింది. మిగతా సగం ఆమోస్ సట్టన్ చేశాడు. ఒరిస్సాలో పనిచేస్తున్న ఇంగ్లీషు బాప్టిస్టు ఆయన. అమెరికా వెళ్లినప్పుడు, మాకు దక్షిణాన లక్షలాది తెలుగువాళ్లున్నారు, వాళ్ల దగ్గరికి పోయే దిక్కు లేదని సభల్లో మొరపెట్టుకున్నాడు.

అలా 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడెక్కినవాడు శామ్యూల్ డే. పుట్టింది కెనడాలో, చదివింది న్యూయార్కు రాష్ట్రంలో. విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళంలో కొన్నాళ్లుండి, 1837లో చెన్నపట్నం చేరాడు. మూడేళ్లు అక్కడున్నాక అర్థమైంది, తెలుగువాళ్ల కోసం వచ్చినవాడు తెలుగునాట ఉండాలని. 1840 ఫిబ్రవరిలో నెల్లూరు చేరాడు.

నీలి బట్ట కథ

అప్పటి నెల్లూరు ఎలా ఉండేది? పెన్న మీద ఆనకట్ట ఇంకా లేదు. అది 1850ల నాటి మాట. ఏటికి నీళ్లొస్తే వాగుల కింద, చెరువుల కింద వరి, లేకపోతే మెట్ట పైర్లు. 1833 నాటి డొక్కల కరువు చూసిన వాళ్లు ఇంకా బతికే ఉన్నారు. విడవలూరు వంటి తీరపు ఊళ్లలో వర్షం తప్పితే తుఫాను, తుఫాను తప్పితే ఉప్పునీరు. చెన్నపట్నం నుంచి నెల్లూరు రావాలంటే పల్లకీ బోయీల భుజాల మీదో ఎద్దుబండి మీదో రోజుల తరబడి ప్రయాణం. దారిలో సత్రం దొరికితే అదృష్టం.

డే వచ్చేసరికి ఈ సీమలో ఒక వ్యాపారం అప్పుడే చచ్చిపోయింది. దాని గురించి మనవాళ్లు మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు గనక ఇక్కడ కాసేపు ఆగుతాను.

నెల్లూరు సీమ సాలెవాళ్లు నేసిన ముతక నూలు బట్టను నీలిమందులో ముంచి సలంపూరి అనే పేరుతో అమ్మేవారు. నీలిమందు ఇక్కడే పండేది. తొట్లలో ఆకు నానబెట్టి, కర్రలతో గిలకొట్టి, అడుగున పేరిన మడ్డిని బిళ్లలుగా ఆరబెట్టేవారు. ఆ పని చేసినవాళ్ల మోచేతుల దాకా నీలం దిగి, కడిగినా పోయేది కాదు. ఆ బట్ట చెన్నపట్నం మీదుగా లండన్, అక్కణ్నుంచి వెస్టిండీసు దీవులకు వెళ్లేది. అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలకు కట్టబెట్టేది ఈ నీలి బట్టనే. 1834 ఆగస్టులో బ్రిటిషు దీవుల్లో బానిసత్వం రద్దయింది. విడుదలైనవాళ్లు బానిస గుర్తుగా ఒంటి మీదున్న ఆ బట్టను మళ్లీ ముట్టుకోలేదని చెబుతారు. నెల్లూరులో మగ్గాలు ఆగాయి.

అటు ఒకడి సంకెళ్లు తెగితే ఇటు ఇంకొకడి పొయ్యిలో పిల్లి పడుకుంది. ఇందులో సాలెవాడి తప్పు లేదు. అతనికి తన బట్ట ఎవరు కడుతున్నారో తెలిసే అవకాశమే లేదు. కానీ బానిసత్వం అమెరికా సంగతి, మనకేం సంబంధం అనుకునేవాళ్లు ఈ ఒక్క బట్టను గుర్తు పెట్టుకోవాలి.

ఇక మన దగ్గరి కట్టుబానిసతనం వేరే. ఊరి చివర మాలపాళెం, ఇంకా అవతల మాదిగపాళెం. చచ్చిన గొడ్డును మోసుకుపోవాలి, కపిలబావికి తోలుబాన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, జాతరకు డప్పు కొట్టాలి, సర్కారు మనిషి వస్తే సామాను మోయాలి. బదులుగా కళ్లంలో మేర కింద నాలుగు కుంచాలు. కంపెనీ 1843లో చట్టం చేసి బానిసత్వానికి కోర్టుల్లో గుర్తింపు లేదంది. వెట్టి మాత్రం కోర్టు దాకా ఎప్పుడూ పోలేదు, అందుకని ఆ చట్టం దానికి తగల్లేదు.

ఎనిమిదిమంది సంఘం

డే తెలుగు బాగా నేర్చాడు. పొద్దున బజారులో, సాయంత్రం బంగళా అరుగు మీద, తిరునాళ్లొస్తే తిరునాళ్లలో బోధన. పక్కన చిన్న బడి. 1840 సెప్టెంబరులో పెన్నలో మొదటి తెలుగు మనిషికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు జనం ఒడ్డున బారులు తీరి చూశారు. చూసి ఇళ్లకు వెళ్లిపోయారు. నాలుగేళ్ల తరవాత, 1844 అక్టోబరులో, సంఘం కట్టేసరికి లెక్కకు వచ్చింది ఎనిమిదిమంది.

సంఘంలో కులం పాటించకూడదన్నది ఈ మిషను నియమం. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ నియమం ఎవరికి అక్కరకు వస్తుందో వాళ్ల పాళేల వైపు డే గాని ఆయన తరవాతివాళ్లు గాని పాతికేళ్లపాటు నిండు మనసుతో నడిచినట్టు కనబడదు. పైకులాల వాళ్లు వస్తే కిందివాళ్లు వాళ్ల వెనకే వస్తారన్న ఆశ అప్పటి మిషనరీలలో చాలామందికి ఉండేది. పైవాళ్లు రాలేదు. వాదించారు, పుస్తకాలు తీసుకున్నారు, పిల్లల్ని ఇంగ్లీషు కోసం బడికి పంపారు.

సంఘం పుట్టిన నెలరోజులకే అమెరికాలో నిప్పు రాజుకుంది. 1844 నవంబరులో అలబామా బాప్టిస్టులు మహాసభ తరఫున పనిచేసే బోస్టన్‌లోని మిషను బోర్డును సూటిగా అడిగారు: బానిసలున్నవాణ్ని మీరు మిషనరీగా పంపుతారా, పంపరా? బోర్డు డిసెంబరులో జవాబిచ్చింది. బానిసల్ని వదులుకోనన్నవాణ్ని పంపలేం, బానిసత్వానికి మా ఆమోదం ఉన్నట్టు కనిపించే ఏర్పాటుకు ఒప్పుకోలేం అని. 1845 మేలో జార్జియాలోని అగస్టాలో దక్షిణాది ప్రతినిధులు 293 మంది కూడి వేరుకుంపటి పెట్టుకున్నారు. నేడు అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంటు శాఖ అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పుట్టింది ఆ సభలోనే. పుట్టిన 150 ఏళ్లకు, 1995లో, తన పుట్టుకలో బానిసత్వం పాత్రను ఒప్పుకుని క్షమాపణ కోరింది.

ఆ వేరుకుంపటికి కావలసిన వాదాలన్నీ ముందే సిద్ధం చేసి పెట్టినవాడు రిచర్డ్ ఫర్మన్. గుర్తుంచుకోమన్నాను కదా. 1822లో చార్ల్‌స్టన్‌లో డెన్మార్క్ వెసీ నాయకత్వంలో తిరుగుబాటుకు పన్నాగం జరిగిందని చెప్పి 35 మంది నల్లవాళ్లను ఉరితీశారు. ఆ ఏడాది చివర ఫర్మన్ గవర్నరుకు రాసిన విజ్ఞాపనలో బానిసత్వం బైబిలుకు సమ్మతమేనని పుటలు పుటలుగా నిరూపించాడు. యువకుడిగా విప్లవాన్ని సమర్థించి, బ్రిటిషువాళ్లకు భయపడి ఊరు విడిచిన మనిషి. విదేశాల్లో ఆత్మల కోసం దేశమంతా ఏకం చేసిన మనిషి. ఆయన పేరుతో నడుస్తున్న విశ్వవిద్యాలయం 2018లో తన చరిత్ర తానే తవ్వి ఒక నివేదిక వేసింది. జెఫర్సన్‌తో ఉన్న చిక్కే ఇక్కడా ఉంది: మంచి పని ఒక చేత్తో, చెడ్డ పని ఇంకో చేత్తో చేశాడనడానికి లేదు, రెండూ ఒకే చేత్తో చేశాడు.

బోస్టన్ బోర్డు వాళ్లనైనా మరీ ఆకాశానికి ఎత్తక్కర్లేదు. అడిగేదాకా వాళ్లు నోరు విప్పలేదు. అంతకు ముందు ముప్పై ఏళ్లు దక్షిణాది చందాలు జడ్సన్‌కూ డేకూ జీతాలుగా వెళ్లాయి. పత్తి డబ్బు వాసన చూసి ఎవరూ వెనక్కి పంపలేదు.

మూయాలా, ఉంచాలా

చీలికతో దక్షిణాది డబ్బు ఆగింది. పద్దు పుస్తకం తెరిచి ఎక్కడ కోత పెడదామా అని చూస్తే ముందు కనబడేది నెల్లూరే. బర్మాలో కరెన్ జాతివాళ్లు వేలల్లో చేరుతున్నారు. నెల్లూరులో ఎనిమిది. పైగా 1846లో డే ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లిపోయాడు. దొర లేని మిషను ఇక్కడి సహాయకుల చేతుల మీద నడిచింది. మూసెయ్యాలని గట్టి ప్రతిపాదన వచ్చింది. డే సొంతంగా కాళ్లరిగేలా తిరిగి, 1848లో భార్యాబిడ్డల్ని అక్కడే వదిలి, లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యూఫీమియాలను వెంటబెట్టుకుని మళ్లీ ఓడెక్కాడు. 1849లో నెల్లూరు చేరారు. అయిదేళ్లు తిరక్కుండా డే మళ్లీ జబ్బుపడి శాశ్వతంగా వెళ్లిపోయాడు. నెల్లూరు చరిత్రలో ఇంత ఓపిక పట్టి ఇంత తక్కువ ఫలం చూసినవాళ్లు అరుదు.

1853లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీలో మహాసభ. మళ్లీ అదే ప్రశ్న. గోడ మీద మిషను పటం వేలాడుతోంది. పనిచేసే చోటల్లా ఒక నక్షత్రం గుర్తు. బర్మా నిండా నక్షత్రాలే, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒకే ఒక్కటి. చర్చలో ఒకాయన దాన్ని చూపించి ఒంటరి నక్షత్రం అన్నాడు. ఆ రాత్రి సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే బోధకుడు ఆ మాట మీద ఒక గీతం రాశాడు. 1831లో విద్యార్థిగా ఉండగా అమెరికా పేరుతో దేశభక్తి గీతం రాసి పేరు తెచ్చుకున్నవాడే ఈయన. మర్నాడు పొద్దున ఫలహారం దగ్గర ఆ కాగితం బయటపడింది, తరవాత సభలో చదివారు. సభ కరిగింది, నెల్లూరు బతికింది. అప్పటి నుంచి మన ఊరికి అమెరికా చర్చిల్లో అదే పేరు. ఒంటరి నక్షత్రమంటే టెక్సస్ జెండా కదా అని మీకు తోచవచ్చు. అక్కడి శ్రోతలకూ తోచే ఉంటుంది. టెక్సస్ ఎనిమిదేళ్ల కిందటే, బానిసల రాష్ట్రంగా, దేశంలో చేరింది.

ఒక పాటతో ఇన్నేళ్ల పని నిలబడిందన్న ఈ కథను మిషను పుస్తకాలు ఎంతో ముచ్చటగా చెబుతాయి. జరిగిందేమో జరిగింది. కానీ పాట వల్ల వచ్చిన మనుషులెందరు, డబ్బెంత అని చూస్తే ముచ్చట తగ్గిపోతుంది. పదేళ్ల తరవాత కూడా సంఘం చిన్నదిగానే ఉండిపోయింది.

1854 జనవరి 1, తెల్లవారుజాము. ఒంగోలు పక్కనున్న గుట్ట మీదికి అయిదుగురు ఎక్కారు. జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, నెల్లూరు బడిలో చదువుకున్న జూలియా, రూతు అనే పెద్దావిడ. ఈ ఊళ్లకు ఎవరినైనా పంపమని ప్రార్థన చేసి దిగారు. ఒంగోలు వాళ్లు ఆ గుట్టను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. చెప్పేటప్పుడు అందరూ జ్యూయెట్ పేరే చెబుతారు. అయిదుగురిలో ముగ్గురు తెలుగువాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు.

1862లో మూడోసారి మూసేద్దామన్నారు. అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఇంటి చూరు అంటుకుని ఉండగా పొరుగూరి పొలం గురించి ఎవరికి పట్టింపు? జబ్బుతో ఇంటికి వెళ్లిన జ్యూయెట్ మాత్రం, మీరు పంపకపోతే నేనే పోతాను, తెలుగువాళ్ల మధ్యే చస్తాను అని కూర్చున్నాడు. ఈయన్ని ఆపలేం, కనీసం అక్కడ పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడిచ్చి పంపాలి అని కార్యదర్శి హాస్యమాడాడట. ఆ తోడు మనిషే జాన్ ఎవరెట్ క్లౌ.

కొలబద్ద పట్టినవాడు

క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టి, పడమటి సరిహద్దు పల్లెల్లో పెరిగాడు. పదిహేడేళ్ల వయసులో మిన్నెసోటాలో భూములు కొలిచే ప్రభుత్వ సర్వే జట్టులో చేరాడు. ఆ భూములు ఎవరివి? డకోటా జాతివాళ్లవి. 1851 ఒప్పందాల్లో చౌకగా రాయించుకుని, గొలుసు వేసి కొలిచి, తెల్ల రైతులకు ముక్కలు చేసి పంచారు. ఇస్తామన్న సొమ్ము సరిగా అందక ఆకలితో డకోటాలు 1862లో తిరగబడ్డారు. ఆ డిసెంబరులో 38 మందిని ఒకే వేదిక మీద ఉరితీశారు. ఉత్తర్వు మీద సంతకం అబ్రహాం లింకన్‌ది. సైనిక కోర్టు ఉరి వేసింది 303 మందికి. లింకన్ కాగితాలు తెప్పించుకుని చదివి చాలా పేర్లు కొట్టేశాడు. కొట్టేసినవాటిని చూడాలా, మిగిల్చినవాటిని చూడాలా అన్నది మిన్నెసోటాలో నేటికీ తెగని తగాదా.

క్లౌ అప్పటికి సర్వే వదిలి అయోవాలో చదువులో ఉన్నాడు. ఆ కొలతల విద్య దాదాపు పదిహేనేళ్ల తరవాత మన తీరంలో వేల ప్రాణాలు నిలిపింది. ఆ సంగతి వచ్చే భాగంలో.

1864 నవంబరు ఆఖరున బోస్టన్‌లో ఓడెక్కిన జ్యూయెట్, క్లౌ దంపతులు 1865 ఏప్రిల్‌లో ఇక్కడికి చేరారు. ఆ నెలలోనే అక్కడ దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు, లింకన్ హతుడయ్యాడు. తంతి వార్తలు సముద్రం దాటని రోజులు, ఆ కబురు నెల్లూరు చేరడానికి వారాలు పట్టి ఉండాలి. నెల్లూరు సంఘంలో అప్పటికి యాభైమంది కూడా లేరు.

ఇక్కడ కథలోకి ఒక తోళ్ల వ్యాపారి వస్తాడు. ఎర్రగుంట్ల పేరయ్య, కనిగిరి వైపు తాళ్లకొండపాడు మాదిగ. ఎద్దుల మీద తోళ్లు వేసుకుని ఏలూరు దాకా తిరిగేవాడు. చదువు రాకపోయినా రాజయోగం సాధించి, చుట్టుపక్కల పాళేల్లో గురువుగా పేరు తెచ్చుకున్నవాడు. తిరుగుళ్లలో కొత్త మతం గురించి విన్నాడు. ఎవరో ఒక దొర తన దగ్గరికి వస్తాడని ఎదురుచూడలేదు, తానే భార్య నాగమ్మను తీసుకుని దొరల్ని వెతుక్కుంటూ వెళ్లాడు. 1866లో జ్యూయెట్ వాళ్లకు బాప్తిస్మం ఇచ్చాడు. పేరయ్య ఇంటికి పోయి, యోగం నేర్పిన పాత శిష్యులకే కొత్త సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ, ఈ మనిషి ఏం చేస్తున్నాడో చూద్దామని తాళ్లకొండపాడు వెళ్తే, తోపులో జనం కూడి కూర్చున్నారు. అయిదు రోజులు చెట్ల కిందే మాటలు, ప్రశ్నలు, పాటలు. 28 మంది చేరారు. పాతికేళ్ల నెల్లూరు లెక్కలో సగానికి పైగా అయిదు రోజుల్లో వచ్చేసింది.

ఒంటరి నక్షత్రాన్ని ఆల్బనీ పాట నిలబెట్టిందా, తోళ్ల వ్యాపారి నిలబెట్టాడా? నా మటుకు నాకు అనుమానం లేదు. డే, జ్యూయెట్, క్లౌ ముగ్గురూ తలుపు తీసి ఉంచినవాళ్లు. లోపలికి వచ్చినవాళ్లు తమంతట తామే వచ్చారు, తమ బంధుత్వాల దారుల్లో, తమ గురువు మాట మీద.

వచ్చాక తిప్పలు మొదలయ్యాయి. క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవే. ఆదివారం పని లేదంటే వెట్టికి కాళ్లు విరిగినట్టు. మొక్కవద్దంటే జాతరకు డప్పు కొట్టేవాడు లేడు. కరణాలకు, మునసబులకు కోపం వచ్చింది. బావులు మూశారు, మేర ఆపారు, తప్పుడు కేసులు పెట్టారు. క్లౌ కాపురమున్న ఒంగోలులో పైకులాల పెద్దలు క్లౌ దగ్గరికి వచ్చి, ఈ మాదిగల్ని వదిలెయ్యండి, మేమూ మా పిల్లలూ మీ వెంట ఉంటామన్నట్టు మాట్లాడారు. క్లౌ ఊగిసలాడాడు. చివరికి ఆ రాత్రి ఆయనా భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే పుట వచ్చిందని, లోకం తక్కువ చేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న మాట కనబడిందని ఒక కథ చెబుతారు. పుటల సంగతి ఎలా ఉన్నా, మాదిగల్ని చేర్చుకున్నాడు. పైకులాల పిల్లలు బడి మానేశారు.

1844లో బోస్టన్ బోర్డును అడిగిన ప్రశ్నకూ ఒంగోలులో క్లౌను అడిగిన ప్రశ్నకూ తేడా పెద్దగా లేదు. రెండుచోట్లా డబ్బూ పరపతీ ఉన్నవాళ్లు, మా కట్టుబాటు జోలికి రాకుండా మాతో ఉండండి అన్నారు. రెండుచోట్లా అడిగేదాకా జవాబు దాచుకున్నారు. ఒక్క తేడా ఉంది. బోస్టన్‌లో జవాబిచ్చినప్పుడు ఆ గదిలో బానిస ఒక్కడూ లేడు. ఒంగోలులో పేరయ్య గుమ్మం బయటే ఉన్నాడు.

వచ్చే భాగంలో 1876కు వెళతాం. ఆ ఏడు నైరుతీ రాలేదు, ఈశాన్యమూ రాలేదు. నెల్లూరు సీమలో గింజలు కొట్లలోకి, మనుషులు రోడ్ల మీదికి వెళ్లారు. ఇప్పుడు విడవలూరుకూ సముద్రానికీ మధ్య సాగే బకింగ్‌హాం కాలువను కరువు పనిగా తవ్వించడానికి సర్కారు సిద్ధమైంది. ఉత్తరాన మూడున్నర మైళ్ల కంట్రాక్టు పాత సర్వేయరు క్లౌ తీసుకున్నాడు. పలుగూ పారా ఎవరికిచ్చాడు, కూలి ఎంత, మేస్త్రీలుగా ఎవరిని పెట్టాడు. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఎలా జరిగింది. బియ్యం కోసం మతం మారారన్న మాట ఎవరు అన్నారు, దానికి పాళేల వాళ్లు ఇచ్చిన జవాబేమిటి అన్నవి చూద్దాం. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల కథలు రాసి అచ్చువేయించిన సంగతి, ఆమె తమ్ముడు రాసిన పుస్తకం చదివి కదిలిపోయిన మార్టిన్ లూథర్ కింగ్ సంగతీ అక్కడే వస్తాయి.

(సశేషం)